ఈ మైదానంలో మా అమ్మ మట్టి మోసింది

కరువు కాలంలో కూలి కోసం పెట్టిన పనులు రోడ్లు వేశాయి, కాలువలు తవ్వాయి, ఎండిన ఏళ్ళను బతికించాయి. ఆ చేతులే పట్నంలో పిల్లల ఆటస్థలాన్నీ బాగు చేయగలవు. తమిళనాడులోని వేలూరులో, గుడియాత్తంలో ఒక సాయంత్రం తిరిగితే చాలు, ఆడుకోవడానికి చోటు లేని పిల్లలూ కనిపిస్తారు, పని కోసం ఎదురుచూసే తల్లులూ కనిపిస్తారు. ఈ ఇద్దరినీ ఒక్కచోట కలపడం గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

ఎండాకాలం సాయంత్రం, ఐదున్నర దాటాక, వేలూరు నుంచి కాట్పాడి వెళ్ళే దారిలో పాలారు వంతెన మీద ఒక్క నిమిషం ఆగి కిందికి చూడండి. ఏట్లో నీళ్ళుండవు, పిల్లలుంటారు. ఇసుకలో మూడు కర్రలు గుచ్చి వికెట్లు చేసుకుంటారు. ఇసుక తోడిన గుంత అంచే వాళ్ళ బౌండరీ. బంతి సీమతుమ్మ పొదలో పడితే చెప్పులున్నవాడు వెతకడానికి పోతాడు, లేనివాళ్ళు గట్టున నిలబడి ‘అటు కాదురా, ఇటు’ అని దారి చెబుతుంటారు. పొద్దుగుంకే దాకా ఆట సాగుతుంది.

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, మన కుప్పం వైపు నేల మీదుగా దాదాపు 33 కిలోమీటర్లు నడిచి తమిళనాట అడుగుపెట్టే పాలారు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇలాగే ఎండి ఉంటుంది. 2021 నవంబరులో మాత్రం లక్ష క్యూసెక్కులు దాటిన వరదతో రెండు గట్లూ ఒరుసుకుని పారింది. ఏరు వస్తే ఆట ఆగుతుంది, ఏరు పోతే మళ్ళీ మొదలవుతుంది. ఇంత పెద్ద పట్నంలో పేదింటి పిల్లలకు మిగిలిన అతి పెద్ద మైదానం ఒక ఎండిన ఏరు. ఈ మాట రాయడానికి మనసు ఒప్పుకోదు, కానీ వంతెన మీద నిలబడితే కళ్ళకు కనిపించేది ఇదే.

వేలూరుకు పేరు లేక కాదు. విజయనగర కాలంలో లేచిన కోట ఉంది. 1806 జులై 10న సిపాయిలు తిరగబడింది ఆ గోడల మధ్యనే. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఇవాళ సీఎంసీగా బెంగాల్ నుంచీ ఈశాన్య రాష్ట్రాల నుంచీ రోగులను రప్పిస్తోంది. చిత్తూరు, తిరుపతి వైపు మనవాళ్ళకైతే ‘వేలూరుకు తీసుకుపోదాం’ అనే మాటే పెద్ద ధైర్యం. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇక్కడి వూర్హీస్ కళాశాలలో చదువుకున్నారు. 2014లో గ్లాస్గోలో, 2018లో గోల్డ్ కోస్ట్‌లో కామన్వెల్త్ స్వర్ణాలు గెలిచిన బరువులెత్తే వీరుడు సతీశ్ శివలింగం ఇక్కడి సత్తువాచారి బిడ్డ. ఆటగాళ్ళను కనగల ఊరు ఇది. నేతాజీ స్టేడియం ఉంది. కానీ స్టేడియం ఉండేది పోటీలకు, శిక్షణకు. బడి నుంచి వచ్చి సంచి ఇంట్లో పడేసి పరుగెత్తే పిల్లవాడికి కావలసింది నాలుగు వీధుల అవతల ఒక చదునైన నేల. దాన్ని ఎవరు చేసిపెట్టాలి? ఏ డబ్బుతో? ఎవరి చేతులతో?

వేలూరు పక్కనే ఒక జవాబు

జవాబు వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. వేలూరు దాటి దక్షిణంగా కణియంబాడి వైపు పోతే చాలు. జవ్వాది కొండల్లో పుట్టే నాగనది అక్కడ ఏళ్ళ తరబడి ఎండిపోయింది. బావులు అడుగంటాయి, సేద్యం వదిలి మగవాళ్ళు పట్నాల బాట పట్టారు. 2014 ప్రాంతంలో ఆర్ట్ ఆఫ్ లివింగ్ సంస్థ చొరవతో, ఉపాధి హామీ నిధులతో ఆ నదిని బతికించే పని మొదలైంది. పని చేసింది ఎవరు? నూరు నాళ్ళ పనికి జాబ్ కార్డు రాయించుకున్న ఊళ్ళ ఆడవాళ్ళు. ఆ పనిలో చేయి కలిపినవాళ్ళు ఇరవై వేల మంది దాకా ఉంటారని, వాళ్ళు కట్టిన ఇంకుడు బావులు మూడు వేలు దాటాయని ఆ ప్రయత్నంలో ఉన్నవాళ్ళు లెక్క చెబుతారు.

ఆ పని ఎలా జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. వాగు పారే దారిలో గొయ్యి తవ్వాలి. గడ్డపారతో ఒకరు నేల పెళ్ళగిస్తే, పారతో ఇంకొకరు తట్టకెత్తాలి, మూడో ఆమె తట్టను నెత్తిన పెట్టుకుని గట్టెక్కాలి. నెత్తి మీద చుట్టకుదురు, నడుముకు బిగించిన కొంగు, చీర మీద తొడుక్కున్న మగవాళ్ళ చొక్కా. లోతుకు పోయేకొద్దీ తట్ట చేతులు మారుతూ పైకి రావాలి. ఆ తర్వాత సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దించాలి. కొండ వాలులో రాళ్ళు పేర్చి చిన్న చిన్న అడ్డుకట్టలు వేయాలి. వాన పడితే పరుగెత్తే నీరు అక్కడ నిదానించి, గోతిలోకి దిగి, నేలలో ఇంకుతుంది. ఇందులో పెద్ద యంత్రాల అవసరం దాదాపు లేదు. కొన్నేళ్ళకు బావుల్లో నీళ్ళు పైకొచ్చాయి. 2021 సెప్టెంబరు 26న ప్రధాని ‘మన్ కీ బాత్’లో నాగనది ఆడవాళ్ళ పేరెత్తి మెచ్చుకున్నారు.

కూలి కోసం పెట్టిన పని ఊరికి ఒక ఆస్తిని మిగల్చగలదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. ఏటిని బతికించిన చేతులకు ఒక మైదానాన్ని చదును చేయడం లెక్కలోకి రాని పని.

ధాత కరువు నేర్పిన పాఠం

కరువు పని మనకు కొత్త కాదు. 1876లో మొదలైన ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని మూడేళ్ళు పీల్చి పిప్పిచేసింది. ఆనాడు వేలూరు, గుడియాత్తం, చిత్తూరు అన్నీ ఉత్తరార్కాటు జిల్లాలోవే. చిత్తూరు విడి జిల్లా అయింది 1911లో. సర్కారు ఆకలిగొన్న జనాన్ని మట్టి పనికి, కంకర కొట్టే పనికి పిలిచింది. మద్రాసు నగరంలో అడయారునూ కూవాన్నీ కలిపే బకింగ్‌హామ్ కాలువ భాగం 1877-78లో తవ్వింది ఆ కరువు కూలీలే. కాలువకు ఆనాటి గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణాకు కుదించాడు. అంటే దినమంతా ఎండలో మట్టి మోసిన మగవాడికి దొరికేది అరకిలో కూడా లేని గింజలు. ఆడవాళ్ళకు, పిల్లలకు అంతకంటే తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ కార్నిష్ ‘ఈ తిండితో మనిషి పని చేయలేడు, బతకలేడు’ అన్న అర్థంలో గట్టిగా వాదించాడు. జనం శిబిరాల్లో రాలిపోయాక గానీ సర్కారు దిగిరాలేదు. ఆ తర్వాతే 1880లో కరువు కమిషను నివేదిక వచ్చింది, దాని వెంట కరువు నియమావళి వచ్చింది. పని అడిగిన మనిషికి పని చూపాలి అనే మాట కాగితం మీదికి ఎక్కింది అక్కడి నుంచే.

మా నాయనమ్మ పుట్టిల్లు పలమనేరు దిక్కు. ఆమె చిన్నప్పుడు ఒక కరువు ఏడాది కంకర కొట్టడానికి పోయిందట. నన్ను వెంటబెట్టుకుని గుడియాత్తం సంతకు పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి రోడ్డు చూపించేది. ‘నేను కొట్టిన కంకర ఇంకా దీని కిందనే ఉండాది నాయనా’ అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో ఆకలి గుర్తు కనిపించేది కాదు. ఈ రోడ్డులో తనకూ వాటా ఉందన్న ధీమా కనిపించేది. కూలి డబ్బు ఆ వారమే ఖర్చయిపోయింది, కంకర మాత్రం ఆమె మనవడి కాలం దాకా నిలిచింది. ఉపాధి పనుల మీద ఎన్ని నివేదికలు చదివినా నా మనసులో కొలబద్ద ఆ మాటే. పని చేసిన మనిషి పదేళ్ళ తర్వాత వేలు పెట్టి చూపించి ‘ఇది నేను చేసింది’ అనగలగాలి. అనగలిగితే అది మంచి పని.

స్వతంత్రం వచ్చాక మహారాష్ట్ర 1972 కరువులో ఉపాధి హామీకి దారి తీసింది, 1977లో చట్టం చేసింది. ఆ తర్వాత పనికి ఆహార పథకం, జవహర్ రోజ్‌గార్ యోజన వంటి పేర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2005లో జాతీయ ఉపాధి హామీ చట్టం, 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాని ప్రారంభం. మనం ‘కరువు పని’ అన్నదాన్నే తమిళనాడు ‘నూరు నాళ్ళ పని’ అంది. ఆ చట్టం అనుమతించిన పనుల జాబితాలో చెరువులు, కాలువలు, రోడ్లతో పాటు ఆటస్థలాల నిర్మాణం కూడా ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా దాన్ని జాబితాలో చివరి పనిగానే చూశారు.

న్యూయార్క్ పిల్లలకు దొరికింది

1930లలో అమెరికాను ఆర్థిక మాంద్యం కుదిపేసినప్పుడు అక్కడి పట్నాలు ఈ పనిని మొదటి వరుసలో పెట్టాయి. 1933-34 శీతకాలంలో ప్రభుత్వం దాదాపు 40 లక్షల మందికి పని చూపింది. 1935లో మొదలైన డబ్ల్యూపీఏ అనే సర్కారు ఉపాధి సంస్థ ఎనిమిదేళ్ళలో 85 లక్షల మందికి కూలి ఇచ్చి 8,000 దాకా ఉద్యానవనాలు కట్టింది, బాగు చేసింది. న్యూయార్క్‌లో పార్కుల కమిషనరు రాబర్ట్ మోజెస్ ఆ కూలీలతోనే పాడుబడ్డ పార్కులను మళ్ళీ తీర్చిదిద్దాడు. 1936 వేసవి ఒక్కదానిలోనే నగరంలో 11 పెద్ద ఈతకొలనులు తెరుచుకున్నాయి. పని లేక రోడ్డున పడ్డ తండ్రి కట్టిన కొలనులో ఆ ఎండాకాలమే కొడుకు ఈదాడు.

అయితే అక్కడి కథలో మనకు హెచ్చరిక కూడా ఉంది. మోజెస్ జీవితచరిత్ర రాసిన రాబర్ట్ కారో లెక్క ప్రకారం ఆ దశాబ్దంలో నగరంలో 255 ఆటస్థలాలు వెలిస్తే నల్లవాళ్ళు కిక్కిరిసి బతికే హార్లెమ్‌కు దక్కింది ఒక్కటి. ఈ లెక్క మీద చరిత్రకారుల్లో వాదాలున్నాయి. కానీ అది లేవనెత్తే ప్రశ్న మన ఊళ్ళకూ వర్తిస్తుంది. మైదానం ఎక్కడ వస్తుంది? పెద్దవీధి వెనకనా, కాలనీ పక్కనా? మట్టి మోసేవాళ్ళు ఏ వాడ నుంచి వస్తారో ఆ వాడ పిల్లలు నడిచి చేరుకోగల చోట రాకపోతే ఆ మైదానం వాళ్ళది కాదు.

హద్దు రాయి దాటితే పని లేదు

ఇక్కడ అసలు చిక్కు వస్తుంది. కణియంబాడి పల్లెలో ఉన్న ఆమెకు ఉపాధి పని అడిగే హక్కు ఉంది. వేలూరు నగరపాలక సంస్థ హద్దు రాయి దాటి ఇవతల అద్దె ఇంట్లో ఉన్న ఆమె చెల్లెలికి లేదు. ఇద్దరి ఆకలీ ఒకటే, ఇద్దరి చేతులూ ఒకటే. చట్టం మాత్రం పల్లెలకే రాశారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చి పని దినాలను 125 చేసింది, ఖర్చులో రాష్ట్రాల వాటా పెంచింది. అదీ గ్రామాలకే. అందుకే పల్లె పంచాయతీని పట్నంలో కలుపుతామంటే తమిళనాట చాలాచోట్ల జనం వద్దని రోడ్డెక్కారు. పట్నమైతే పన్నులు పెరుగుతాయి, నూరు నాళ్ళ పని పోతుంది అన్నది వాళ్ళ భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

ఈ లోటును తమిళనాడు గుర్తించింది. కోవిడ్ దెబ్బ తర్వాత రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు సి. రంగరాజన్ అధ్యక్షతన వేసిన కమిటీ 2020లో ఇచ్చిన నివేదికలో, పట్నాలకూ ఉపాధి హామీ వంటి పథకం కావాలని చెప్పింది. 2021-22లో రాష్ట్ర ప్రభుత్వం 100 కోట్ల రూపాయలతో పట్టణ ఉపాధి పథకాన్ని ప్రయోగంగా ప్రకటించింది. చెరువుల పూడిక తీత, వాననీటి కాలువల శుభ్రత, చెట్ల పెంపకంతో పాటు పార్కులు, ఆటస్థలాల నిర్వహణ కూడా దాని పనుల్లో చేర్చింది. కేరళ 2010 నుంచే అయ్యంకాళి పేరుతో పట్టణ ఉపాధి హామీ నడుపుతోంది. ఒడిశా, ఝార్ఖండ్, హిమాచల్ 2020లో మొదలుపెట్టాయి. రాజస్థాన్ 2022 సెప్టెంబరులో ఇందిరాగాంధీ పేరుతో నూరు రోజుల పని ఇచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు ఈ వరుసలో లేవు. ఇది రాయడానికి తెలుగువాడిగా బాధగా ఉంది.

తమిళనాడు తొలి అడుగు మంచిదే. కానీ పథకం వేరు, హక్కు వేరు. పథకానికి ఈ ఏడు డబ్బుంటుంది, వచ్చే ఏడు ఉండకపోవచ్చు. హక్కయితే మనిషి కౌంటరు ముందు నిలబడి అడగగలడు.

గుడియాత్తంలో మగ్గం ఆగిన రోజు

వేలూరుకు పడమరగా, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న గుడియాత్తంలో తెలుగు, తమిళం ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటాయి. పలమనేరు వైపు కొండల నుంచి వచ్చే కౌండిన్య నది మోర్ధానా జలాశయం దాటి ఊరి నడుమ నుంచి పారుతుంది. వైశాఖంలో జరిగే గంగమ్మ శిరసు జాతరకు చిత్తూరు పల్లెల నుంచి బండ్లు కట్టుకుని పోయిన రోజులు మా పెద్దవాళ్ళు కథలుగా చెబుతారు. 1954లో ముఖ్యమంత్రి అయ్యాక కామరాజ్ ఉప ఎన్నికలో నిలబడి గెలిచింది ఈ ఊరి నుంచే. బడికి వచ్చిన పిల్లవాడికి మధ్యాహ్నం అన్నం పెట్టిన ముఖ్యమంత్రిని శాసనసభకు పంపిన ఊరు, పిల్లలకు ఆట చోటు కూడా చూపించాలని కోరుకోవడం అత్యాశ కాదు.

లుంగీల నేత, అగ్గిపెట్టెలు, బీడీలు ఈ ఊరి బతుకుదెరువు. గుంత మగ్గం మీద నేసేవాళ్ళకు వానాకాలం గండం. గుంతలోకి ఊట వస్తుంది, నూలు చెమ్మగిలుతుంది, కాళ్ళు పెట్టడానికి చోటు లేక మగ్గం ఆగిపోతుంది. పడుగు ఆరేదాకా పూట గడవాలి. పల్లె రైతుకూలీకి అలాంటి రోజుల్లో నూరు నాళ్ళ పని ఒక ఆసరా. మున్సిపాలిటీలో ఉన్న నేతగాడికి ఆ ఆసరా లేదు, అప్పు తప్ప. రోజంతా బీడీలు చుట్టి వేళ్ళు తిమ్మిరెక్కిన ఆడవాళ్ళకు ఇంకో పని చూపే ఏర్పాటూ లేదు.

అదే ఊళ్ళో 2021 నవంబరు వరదలో కౌండిన్య ఉగ్రరూపం చూసిన తర్వాత ఏటి ఒడ్డు ఆక్రమణల తొలగింపు మొదలైంది. గట్టు ఖాళీ అయితే చాలదు. దాన్ని ఊరు వాడుకోకపోతే మళ్ళీ చెత్త చేరుతుంది, చెత్త వెనక కంచె వస్తుంది, కంచె వెనక గోడ వస్తుంది. ఏటికి అడ్డం రాని చోట ఒడ్డు వెంట చెట్లు, నడక బాట, వరద వచ్చినా పాడవని మట్టి మైదానం చేస్తే ఆ నేలకు పిల్లలే కాపలా అవుతారు. రోజూ ఆట జరిగే చోట ఎవరూ రాత్రికి రాత్రి పునాది తీయలేరు.

నేలను ఆటకు తయారు చేయడం

ఆటస్థలం అనగానే చాలామంది అధికారులకు గేటు, బోర్డు, రంగులేసిన ఇనుప సామాను గుర్తొస్తాయి. నిజానికి మైదానం అంటే నేల. నేల బాగుంటే మిగతావి లేకపోయినా ఆట సాగుతుంది, నేల బాగులేకపోతే ఏవి ఉన్నా మోకాలి చిప్ప పగులుతుంది.

మొదట సీమతుమ్మ వేళ్ళతో సహా తీయాలి. పైపైన కొడితే వానకు మళ్ళీ మొలుస్తుంది. తర్వాత రాళ్ళు, గాజు పెంకులు ఏరాలి. పదిమంది వరుసగా కూర్చుని చేత్తో ఏరాల్సిన పని ఇది, ఏ యంత్రమూ ఇంత శుభ్రంగా చేయలేదు. గుంతలు పూడ్చాలి, గుట్టలు చెక్కాలి. నీళ్ళు నింపిన సన్నని పైపు రెండు చివర్లు పట్టుకుని మట్టం చూడాలి. మైదానం పళ్ళెంలా ఉంటే వాన నిలుస్తుంది, అందుకే నడుమ కాస్త ఎత్తు, అంచులకు వాలు ఉంచాలి. అంచున కాలువ తీసి ఆ నీళ్ళను ఇంకుడు గుంతకు మళ్ళించాలి. మొరం పరిచి, తడిపి, రోలరు నడిపి, పైన జల్లించిన ఎర్రమట్టి వేయాలి. పడమర వైపు వేప, కానుగ వరుసగా నాటాలి. ఏప్రిల్, మే నెలల్లో వేలూరు ఎండ రాళ్ళు పగలగొడుతుంది, నీడ లేని మైదానం ఆ నెలల్లో పొయ్యి మీది పెనమే.

చివరగా తాడు లాగి సున్నం చల్లాలి. కబడ్డీకి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలు. వాలీబాల్‌కు 18, 9. ఖోఖోకు 27, 16. అర ఎకరంలో మూడూ సర్దుకుంటాయి, పక్కన పరుగుకు, చిన్నపిల్లల ఊయలకు చోటు మిగులుతుంది. లెక్క చూడండి, ఈ పనిలో ఎక్కువ భాగం మట్టి పని. ఉపాధి హామీలో ఖర్చులో కూలి వాటా 60 శాతానికి తగ్గకూడదని నియమం ఉండేది. సిమెంటు భవనం కడితే ఆ నియమం నిలవడం కష్టం, మట్టి మైదానం చేస్తే సులువుగా నిలుస్తుంది. పెట్టిన రూపాయిలో ఎక్కువ భాగం గుత్తేదారు జేబుకు కాకుండా కూలీ ఇంటికి పోతుంది.

ఇప్పుడు పట్నాల్లో గంటకింత అని అద్దె కట్టి ఆడే పచ్చ టర్ఫ్‌లు వెలుస్తున్నాయి. ఉద్యోగస్తులు రాత్రిళ్ళు ఆడుకుంటున్నారు, మంచిదే. కానీ బీడీలు చుట్టే తల్లి బిడ్డ గంట అద్దె ఎక్కడి నుంచి తెస్తుంది? ఆటకు టికెట్టు పెట్టిన ఊళ్ళో పేదవాడి పిల్ల గోడ బయట నిలబడి అరుపులు వింటుంది. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బున్న పిల్లలకే అన్న షరతు అందులో లేదు.

బోర్డు మిగిలి, ఆట మిగలని చోట

ఉపాధి నిధులతో ఆటస్థలాలు చేసిన అనుభవం తెలుగు నేల మీదే ఉంది. 2022 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు తలపెట్టింది. పల్లెలు, తండాలు కలిపి 19 వేలకు పైగా చోట్ల నేల చదును చేసి, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్‌జంప్ గొయ్యి, బార్లు ఏర్పాటు చేయాలన్నది ఆలోచన. ఆలోచన గొప్పది. పెద్దమొత్తంలో ఒకేసారి చేయడం ఇంకా గొప్పది. కానీ నేల దొరక్క చాలాచోట్ల ఊరికి దూరంగా, గుట్ట వాలులో, శ్మశానం పక్కన స్థలం చూపారు. బోర్డు నిలబెట్టి ఫోటో తీశారు. రెండు వానలు పడ్డాక గడ్డి మొలిచింది, మేకలు మేశాయి.

తమిళనాడూ దీనికి అతీతం కాదు. 2006 తర్వాత అన్నా మరుమలర్చి పథకం కింద 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలకు తలా 20 లక్షలు ఇచ్చినప్పుడు క్రీడా స్థలాలు కూడా అందులో ఉన్నాయి. 2024లో అన్ని పంచాయతీలకూ కలైంజ్ఞర్ పేరిట ఆట సామగ్రి కిట్లు పంచడం మొదలుపెట్టారు. బ్యాటూ బంతీ వచ్చాయి. వాటిని పట్టుకుని పిల్లలు పోవాల్సిన నేలను మాత్రం ఏటేటా ఎవరు చూస్తారన్నది తేలలేదు.

తప్పు ఎక్కడుందో ఇక్కడ తేటగా కనిపిస్తుంది. మైదానాన్ని భవనంలా చూశారు. ఒకసారి కట్టి, రిబ్బను కోసి, తాళం వేసే వస్తువనుకున్నారు. మైదానం పొలం వంటిది. ఏడాదికోసారి దున్నాలి, చదును చేయాలి, కలుపు తీయాలి, చెట్టుకు నీళ్ళు పోయాలి. ఒక్క వానాకాలం వదిలేస్తే అది అడవి. ఏటేటా చేతులు కావలసిన పని ఇది. ఏటేటా పని కావలసిన చేతులు పట్నంలో ఉన్నాయి. పట్టణ ఉపాధికి ఇంతకంటే చక్కగా అమరే పని నాకు కనిపించలేదు. వానలు ఆగాక మైదానానికి పని అవసరం. వానల వల్ల ఆగిన మగ్గం మళ్ళీ ఆడేదాకా గుడియాత్తం నేతగాడికి కూలి అవసరం.

అమ్మ మట్టి మోస్తే కూతురు ఆడాలి

తమిళనాట నూరు నాళ్ళ పనికి వచ్చేవాళ్ళలో ఎనభై శాతానికి పైగా ఆడవాళ్ళే. 2025-26లో వాళ్ళకు సర్కారు కట్టిన రోజు కూలి 336 రూపాయలు. ఆ డబ్బు పదిహేను రోజుల్లో రావాలని చట్టం రాసినా నెలల తరబడి ఎదురుచూసిన సందర్భాలు ఎన్నో. అయినా పొద్దున్నే మస్టరులో పేరు రాయించుకుని తట్ట ఎత్తింది వాళ్ళే. ఇప్పుడు సాయంత్రం ఏ మైదానానికైనా పోయి చూడండి. ఆడేవాళ్ళంతా మగపిల్లలే. తల్లి చదును చేసిన నేల మీద కొడుకు ఆడుతున్నాడు, కూతురు బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడింది.

ఆడపిల్లలకు ఆట మీద ఇష్టం లేదనేవాళ్ళ మాట నమ్మకండి. వాళ్ళు రాకపోవడానికి కారణాలు కళ్ళముందే ఉన్నాయి. దీపం లేదు, మరుగుదొడ్డి లేదు, గేటు దగ్గర తాగి కూర్చున్నవాళ్ళను లేపేవాళ్ళు లేరు. వీటికి కోట్లు అక్కర్లేదు. రెండు దీపాలు, తాళం పడే ఒక మరుగుదొడ్డి, వారంలో కొన్ని సాయంత్రాలు ఆడపిల్లలకే కేటాయించడం, ఉపాధి కూలితోనే మైదానం చూసుకునే ఒక అక్కను నియమించడం చాలు. ‘అక్క ఉంది పోమ్మా’ అని తల్లి ధైర్యంగా పంపగలిగే చోటే ఆడపిల్లకు మైదానం.

మీ వార్డు జాబితా అడగండి

చివరగా ఒక చట్టం సంగతి. మద్రాసు రాష్ట్రం 1959లోనే పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాల పరిరక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. అది నేటికీ తమిళనాడులో అమలులో ఉంది. తన పరిధిలోని ఆటస్థలాల జాబితా తయారు చేయడం దాని ప్రకారం స్థానిక సంస్థ బాధ్యత. ఆ జాబితాకెక్కిన నేలను ఇష్టమొచ్చినట్టు ఇంకో పనికి వాడకూడదు. దానికి తోడు, 3,000 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్లలో రోడ్లు పోను పదో వంతు ఖాళీ జాగాగా వదలాలన్న నియమం ఉంది. అంటే వేలూరు 60 వార్డుల్లో, గుడియాత్తం వీధుల్లో మన పిల్లల పేర రాసిన నేల కాగితాల్లో ఉంది. దాని మీద ఇవాళ ఏముందో తెలుసుకోవడం మన వంతు.

వేలూరులో, గుడియాత్తంలో ఉన్న తెలుగువాళ్ళకు నా విన్నపం ఇదే. ఈ వారం మీ కౌన్సిలరును కలవండి. మా వార్డులో ఆటస్థలం ఎక్కడుంది, దాని విస్తీర్ణం ఎంత అని అడగండి. పట్టణ ఉపాధి పనుల్లో దాన్ని చేర్చమని అర్జీ ఇవ్వండి. ఒకసారి చేసి వదిలేయకుండా ఏటేటా పని పెట్టమని ఆ అర్జీలో రాయండి. చిత్తూరులో, అనంతపురంలో, వరంగల్లులో చదువుతున్నవాళ్ళు మన ప్రభుత్వాలను పట్నం కూలీకీ పని హక్కు అడగండి. ఆ నేల మీద మొదటి తట్ట ఎత్తాల్సింది ఆ వార్డు తల్లులే. మొదటి ఆట ఆడాల్సింది వాళ్ళ కూతుళ్ళే.